చిన్న జట్టు – పెద్ద ఆశ

ఆటలయందు ఆసక్తి గలవారిలో రెండు తెగలవారు కలరు. గెలుపెక్కడ నున్నదో అక్కడకు చేరువారు మొదటి తెగ. తమ ఊరిలో, తమ పేటలో పుట్టిన జట్టు గెలిచినను ఓడినను దాని వెంటనే నడచువారు రెండవ తెగ. మొదటివారి తీరు సులభముగానే అర్థమగును. మాంచెస్టర్ యునైటెడ్, రియల్ మాడ్రిడ్ వంటి ఫుట్‌బాల్ జట్లకు లోకమంతట అభిమానులుండుటలో వింత లేదు. రెండవవారిని చూచియే లోకము ముక్కుమీద వేలు వేసికొనును. ఏడాదికి సగము ఆటలు ఓడిపోవు జట్టు కొరకు డబ్బు పెట్టి టిక్కెట్టు కొని, వానలో నిలిచి, గొంతు బొంగురుపోవునట్లు కేకలు వేయుటలో ఏమి సుఖమున్నదని అడుగును.

ఈ ప్రశ్నకు తెలుగువాడు జవాబు కొరకు దూరము పోనక్కరలేదు. తిరుమల కొండమీద వేంకటేశ్వరుడు వెలసియున్నాడని ఊరి రామాలయములో దీపము పెట్టుట ఎవరును మానలేదు. తిరుపతికి ఏడాదికో, రెండేండ్లకో ఒకసారి పోవుదురు. ఊరి గుడికి శనివారము శనివారము పోవుదురు. అక్కడిది మ్రొక్కు, ఇక్కడిది చుట్టరికము. చిన్న జట్టునకును దాని అభిమానికిని గల సంబంధము ఈ రెండవ విధమైనది. అంతమాత్రమున ఆ అభిమానికి కోరికలు లేవనుకొనుట పొరపాటు. కోరికలు మెండుగానే కలవు. అవి ఎట్టివి, వానికి హద్దు ఎక్కడ, ఆ హద్దును నిర్ణయించువారెవరు అనునది విచారింపదగిన విషయము.

ముందుగా ఆశ వేరు, ఆకాంక్ష వేరు అని గుర్తింపవలెను. ఈ యేడు మన జట్టు ఎన్నవ స్థానమున నిలుచునని తలపోయుట ఆశ. చేతిలోని డబ్బు, ఆటగాండ్ర సత్తా, ఎదుటి జట్ల బలము చూచి వేసికొను లెక్క అది. ఏనాటికైనను మనము ఎంత ఎత్తునకు చేరగలమని కలగనుట ఆకాంక్ష. దానికి లెక్కలతో పని లేదు. ఇంగ్లండు ఫుట్‌బాలులో ఈ ఆకాంక్షకు ఒక నిచ్చెన కూడ కలదు. అక్కడి లీగులు మెట్లవలె ఒకదానిపై ఒకటి అమరియుండును. ఏటేట పై వరుసలో నిలిచిన జట్లు ఒక మెట్టు ఎక్కును. అడుగున నిలిచినవి ఒక మెట్టు దిగును. కాబట్టి ఎంత చిన్న జట్టునకైనను శిఖరమునకు దారి మూసివేయబడలేదు. ఆ నిచ్చెనను ఎక్కి, దానిపైనుండి పడి, నేలనుండి మరల ఎక్కనారంభించిన జట్టొకటి కలదు. దాని కథలో చిన్న జట్టు అభిమానుల ఆశలన్నియు ఇమిడియున్నవి.

లండను నగరమునకు నైఋతి దిక్కున నున్న వింబుల్డన్ పేట మనకు టెన్నిసు వలన తెలియును. ఆ పేటలో 1889లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టెను. అది చిరకాలము జీతములు లేని ఆటగాండ్రతోనే నడచెను. 1977లో దానికి ఫుట్‌బాల్ లీగులో నాలుగవ శ్రేణియందు చోటు దొరకెను. తొమ్మిదేండ్లు తిరుగకుండ, 1986లో, అది మొదటి శ్రేణికి చేరెను. ఆ జట్టు ఆటలో సొగసు కంటె మోటుదనము హెచ్చని విమర్శకులు ఈసడించిరి. అయినను 1988 మే 14వ తేదీన వెంబ్లీ మైదానమున ఎఫ్.ఏ. కప్పు ఫైనలులో, ఆ యేటి లీగు విజేతయైన లివర్‌పూల్ జట్టును వింబుల్డన్ 1-0 తేడాతో ఓడించెను. లారీ శాంచెజ్ గోలు కొట్టెను. గోల్‌కీపరు డేవ్ బీసెంట్ పెనాల్టీని ఆపెను. పదునొకండేండ్ల క్రిందట లీగులో చోటు కూడ లేని జట్టునకు దేశపు పాత కప్పు దక్కెను.

ఇంతటి విజయము తరువాత అభిమాని కొలబద్ద మారకుండునా? నిన్నటి కల నేటి లెక్క యగును. కాని జట్టు ఎత్తు పెరిగినంత వేగముగా దాని వేళ్లు పెరుగలేదు. 1989లో హిల్స్‌బరో మైదానమున తొక్కిసలాట జరిగి అనేకులు మరణించిన తరువాత, పెద్ద శ్రేణుల మైదానములలో ప్రేక్షకులందరికిని కూర్చుండు సీట్లు ఉండవలెనను నియమము ఏర్పడెను. వింబుల్డన్ వారి ప్లౌ లేన్ మైదానము చిన్నది, పాతది. 1991లో జట్టు దానిని విడిచి, క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు వారి సెల్‌హర్స్ట్ పార్కులో అద్దెకు దిగెను. సొంత ఇల్లు వదలిన సంసారమువలె దాని నడక సాగెను. 2000 మే 14న, కప్పు గెలిచిన దినమునకు సరిగా పన్నెండేండ్లకు, అది మొదటి శ్రేణినుండి జారిపోయెను.

అటుపిమ్మట జరిగినది ఆటమైదానములో జరుగలేదు. క్లబ్బును సుమారు 90 కిలోమీటర్ల దూరమున నున్న మిల్టన్ కీన్స్ అను కొత్త పట్టణమునకు తరలించుటకు యజమానులు అనుమతి కోరిరి. ముగ్గురు సభ్యుల సంఘమొకటి 2002 మే 28న ఇద్దరు అవునని, ఒకరు కాదని తీర్పు చెప్పి అనుమతి నిచ్చెను. యజమాని దృష్టిలో క్లబ్బు ఒక ఆస్తి. ఎక్కడ గిట్టుబాటగునో అక్కడకు పోవచ్చును. అభిమాని దృష్టిలో అది ఊరి గుడి. విగ్రహమును బండిలో వేసికొని పోయినంత మాత్రమున గుడి కదలదు. ఆ జట్టే 2004లో మిల్టన్ కీన్స్ డాన్స్ అను పేరు దాల్చెను.

అభిమానులు ఏడ్చుచు కూర్చుండలేదు. కొలది వారములలోనే ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను కొత్త క్లబ్బును స్థాపించిరి. ఆటగాండ్రను ఎన్నుకొనుటకు వింబుల్డన్ కామన్ బయలులో పరీక్షలు పెట్టగా రెండు వందల మందికి పైగా వచ్చిరి. ఆ యేడు జూలైలో సటన్ యునైటెడ్ జట్టుతో జరిగిన మొదటి స్నేహపు పోటీలో కొత్త జట్టు 0-4 తేడాతో చిత్తుగా ఓడెను. చూడవచ్చినవారు నాలుగు వేల అయిదు వందలకు మించిరి. గెలుపు కొరకే మనుష్యులు జట్ల వెంట పోవుదురను సిద్ధాంతమునకు ఆ దినమున జవాబు దొరకినది. వారు ఆశించినది ఒక్కటే: తమ పేరుగల జట్టు, తమ పేట చేరువలో, మైదానములోనికి దిగుట.

అట్లని వారు అంతటితో తృప్తిపడి ఊరకుండలేదు. లీగుకు ఎన్నో మెట్ల దిగువన మొదలుపెట్టిన ఆ జట్టు 2003 ఫిబ్రవరినుండి 2004 డిసెంబరు వరకు 78 లీగు ఆటలలో ఓటమి ఎరుగక నిలిచెను. తొమ్మిది సీజనులలో అయిదు మెట్లు ఎక్కి, 2011 మేలో మాంచెస్టరులో ల్యూటన్ టౌన్ జట్టును పెనాల్టీలతో గెలిచి, ఫుట్‌బాల్ లీగులో ప్రవేశించెను. 2016లో మూడవ శ్రేణికి చేరెను. అదే యేడు మిల్టన్ కీన్స్ జట్టు రెండవ శ్రేణినుండి దిగి అక్కడకే వచ్చెను. 2018లో వారు నాలుగవ శ్రేణికి జారగా వింబుల్డన్ మూడవ శ్రేణిలోనే నిలిచెను.

ఇక్కడినుండియే కఠినమైన ప్రశ్న మొదలగును. ఈ క్లబ్బు పెత్తనము డాన్స్ ట్రస్టు అను అభిమానుల సంఘమునది. సభ్యునికి ఒక్క ఓటు. పైశ్రేణులలోని క్లబ్బులకు కోటీశ్వరులు పెట్టుబడి పెట్టుచుండగా, చందాదారుల క్లబ్బు వారితో ఎంతవరకు పోటీపడగలదు? ప్లౌ లేనులోనే కొత్త మైదానము కట్టుచుండగా డబ్బు చాలకపోయెను. బయటివారికి వాటాలు అమ్మి, పెత్తనము వదులుకొనుట ఒక దారి. 2020లో అభిమానులు మరియొక దారి పట్టిరి; బాండ్లు కొని 50 లక్షల పౌండ్లకు పైగా సమకూర్చిరి. ఆ యేడు నవంబరు 3న కొత్త మైదానములో మొదటి ఆట జరిగెను. కోవిడ్ నిబంధనల వలన, ఆ మైదానమునకు డబ్బిచ్చిన అభిమానులు లోపల కూర్చుండి చూడలేకపోయిరి. తరువాత 2022లో జట్టు నాలుగవ శ్రేణికి దిగెను. 2025లో మరల మూడవదానికి ఎక్కెను. బహుశః ఆ క్లబ్బు 1988నాటి ఎత్తును మరల చూడకపోవచ్చును. ఆ సంగతి తెలిసియే అభిమానులు పెత్తనమును తమయొద్ద నిలుపుకొనిరి.

దీనికి ఎదురు దారి పట్టినచో ఏమగునో బరీ క్లబ్బు చరిత్ర చెప్పును. మాంచెస్టరు చేరువనున్న బరీలో 1885లో పుట్టిన ఆ క్లబ్బు 1900లోను, 1903లోను ఎఫ్.ఏ. కప్పు గెలిచినది. 2019 వసంతమున అది నాలుగవ శ్రేణినుండి మూడవదానికి అర్హత పొందెను. అభిమానులు వేడుకలు చేసికొనిరి. కాని మైదానములో జట్టు గెలుచుచుండగా లెక్కల పుస్తకములో క్లబ్బు మునుగుచుండెను. అప్పులు తీర్చు దారి చూపలేక, ఆ యేడు ఆగస్టు 27న అది లీగునుండి బహిష్కరింపబడెను. ఎక్కిన మెట్టుమీద ఒక్క ఆటయైనను ఆడలేదు. పట్టుబట్టిన అభిమానుల కృషివలన 2023లో ఆ పేరు మరల గిగ్ లేన్ మైదానమునకు వచ్చినది గాని, ఎన్నో మెట్ల దిగువన. తాహతుకు మించిన ఆకాంక్ష అప్పుచేసి పప్పుకూడు వంటిది. తిన్నది ఎవరైనను బాకీ ఊరిమీద పడును.

ఈ కథలు మనకు దూరపువి కావు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలిచెను. దానికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాలుగవ స్థానమునకును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమునకును నడిపించెను. నగరమంతయు ఆ జట్టును తనదనుకొనెను. కాని అది ఒక ప్రభుత్వశాఖ జట్టు. దాని వైభవము తగ్గిన నాడు, దానిని నిలుపుకొనుటకు నగర ప్రజల చేతిలో ఏ సాధనమును లేకపోయెను. తరువాత 2019లో పూనా జట్టు వైదొలగగా ఆ స్థానమున ఇండియన్ సూపర్ లీగులోనికి హైదరాబాదు ఎఫ్.సి. వచ్చెను. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్ జట్టును పెనాల్టీలతో ఓడించి లీగు విజేతగా నిలిచెను. చేతులు మారిన ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు పెట్టుకొనెను. పూనా స్థానమున వచ్చినది ఢిల్లీకి పోయినది. నడుమ హైదరాబాదులో అభిమానించినవారికి మిగిలినది ఒక కప్పు జ్ఞాపకము. టిక్కెట్టు కొనుటకు వారికి హక్కుండెను. ఉండుమని చెప్పుటకు లేదు.

ప్రతి క్లబ్బును అభిమానులే నడుపవలెనని దీని అర్థము కాదు. చందాలతో నడచు సంస్థలలోను కలహములుండును, తప్పు లెక్కలుండును. మంచి యజమాని దొరకిన చిన్న క్లబ్బులును లోకములో లేకపోలేదు. కాని అభిమాని కోరికలకు ఒక క్రమము ఉండవలెను. క్లబ్బు వచ్చే యేడు కూడ ఉండవలెనని మొదట కోరవలెను. అది తన ఊరిలోనే ఉండవలెనని తరువాత కోరవలెను. దాని మంచిచెడ్డలలో తన మాటకు చోటుండవలెనని మూడవదిగా కోరవలెను. ఈ మూడును నిలిచిన పిమ్మట పై మెట్టును గూర్చి ఎంత పెద్ద కలగన్నను తప్పు లేదు. క్రమము తప్పి, పై మెట్టు కొరకు క్రింది మూడింటిని తాకట్టు పెట్టిన నాడు కప్పు వచ్చినను నిలువదు, జట్టును నిలువదు.

పెద్ద జట్టు అభిమాని తన జట్టు ఎన్ని కప్పులు గెలిచినదని లెక్కించును. చిన్న జట్టు అభిమాని లెక్క అంతకంటె చిన్నది, అంతకంటె కష్టమైనది: శనివారము మధ్యాహ్నము మైదానపు తలుపులు తెరచునా, లేదా? తెరచినచో గెలుపోటములు తరువాతి మాట.