ఇంట్లో ఉన్న పాత లెన్స్‌కి ఏ డిజిటల్ కెమెరా కొనాలి?



బడి వార్షికోత్సవం ఫొటోలు ఇక్కడ పెట్టిన దగ్గర్నుంచీ మీలో చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మా ఇంట్లో మా నాన్నగారి కాలం నాటి కెమెరా ఉందండీ, లెన్స్ బాగానే ఉంది. పిల్లవాడు ఫొటోలు నేర్చుకుంటానంటున్నాడు. ఆ లెన్స్ పనికొచ్చేటట్టు ఏ డిజిటల్ కెమెరా కొనమంటారు?" అని. గేటు దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదిది. తొందరలో నేనేదో తప్పు చెబితే పోయేది మీ డబ్బు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పేస్తాను. మా నాన్నగారి ఫిల్ము కెమెరాతో వచ్చిన నికాన్ 50 ఎంఎం లెన్స్ ఒకటి మా ఇంట్లో ఉంది. దానికోసమని సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ డి3100 బాడీ కొన్నాను. రెండూ నికానే కదా, ఇంకేం చూడాలి అనుకున్నాను. లెన్స్ చక్కగా బిగిసింది. బటన్ నొక్కితే మాత్రం ఫొటో పడలేదు. లెన్స్ తగిలించలేదు అన్నట్టు తెర మీద సూచన వచ్చింది. లెన్సే పాడైపోయిందనుకుని పాత సామాను కొనే అతనికి ఇచ్చేయబోయాను. మా తమ్ముడు వచ్చి పైన డయల్‌ని "ఎం" మీదకి తిప్పి నొక్కితే ఫొటో పడింది! లెన్స్‌లో ఏ లోపమూ లేదు. ఆ లెన్స్‌తో వెలుగు కొలిచే ఏర్పాటు ఆ బాడీలో లేదు, అంతే. ఇంకో నిమిషం ఆలస్యమైతే నాన్నగారి లెన్స్ కిలోల లెక్కన పోయేది.

కాబట్టి మొదట చూడాల్సింది బాడీని కాదు, మీ చేతిలో ఉన్న లెన్స్‌ని.

అన్నిటికన్నా ముందు, అది కెమెరా నుంచి ఊడి వస్తుందో లేదో చూడండి. మన ఇళ్లల్లో ఎక్కువగా దొరికేవి హాట్‌షాట్, యాషికా ఎలక్ట్రో 35, ఆగ్ఫా క్లిక్ లాంటివి. వీటి లెన్స్ కెమెరాకే అతుక్కుని ఉంటుంది, విడిగా రాదు. బలవంతంగా తిప్పకండి. దాన్ని అలాగే దాచుకోండి, దానికోసం బాడీ కొనక్కర్లేదు.

ఊడి వచ్చేదైతే ముందు రింగు మీద పేరు చదవండి. అక్కడ "50 ఎంఎం 1:2" లాంటి అంకెలుంటాయి. రెండో అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. కొత్త కెమెరాతో ఇచ్చే మామూలు జూమ్‌ని 50 ఎంఎం దగ్గర పెడితే ఆ అంకె 5.6 చుట్టుపక్కల ఉంటుంది. మీ పాత లెన్స్ 2 అయితే దానికన్నా దాదాపు ఎనిమిది రెట్లు వెలుగొస్తుంది. ఠాకురాణి యాత్ర రాత్రి ఫ్లాష్ లేకుండా వేషాల ఫొటో తీయాలంటే ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. పాత లెన్స్ కోసం ఇంత తాపత్రయం అందుకే. అదే మీ ఇంట్లో ఉన్నది 35-70 లాంటి మామూలు పాత జూమ్ ఒక్కటే అయితే, దానికోసం ప్రత్యేకంగా బాడీ వెతకడం దండగ అని నా అభిప్రాయం.

ఇక వెనకవైపు చూడండి. బాడీకి బిగించే ఆ లోహపు రింగునే మౌంట్ అంటారు. ఒక్కో కంపెనీది ఒక్కో రకం. పాత జెనిట్ కెమెరాలతో వచ్చే హెలియోస్ లెన్స్‌కి బల్బులాగా మరలుంటాయి, దాన్ని ఎం42 అంటారు. పెంటాక్స్ కె1000ది కె మౌంట్. కెనాన్‌లో రెండున్నాయి: 1971 నుంచి వచ్చిన ఎఫ్‌డి, 1987లో మొదలైన ఈఎఫ్. పేరు ఒకటే అయినా ఈ రెండింటికీ పొత్తు కుదరదు. ఈఎఫ్ లెన్స్ అయితే మీరు అదృష్టవంతులు, ఏ కెనాన్ ఈఓఎస్ డీఎస్ఎల్ఆర్ కొన్నా ఫోకస్‌తో సహా పనిచేస్తుంది.

నికాన్ సంగతి కాస్త నిదానంగా చదవండి. 1959 నుంచీ మౌంట్ పేరు ఒక్కటే, ఎఫ్ మౌంట్. చిక్కంతా అక్కడే ఉంది. 1977లో ఏఐ అనే పద్ధతి వచ్చింది. అంతకు ముందు లెన్స్‌ని డి7000 లాంటి బాడీకి బిగిస్తే, బాడీ అంచున ఉండే చిన్న మీట విరిగిపోవచ్చు. గుర్తు పట్టడం తేలికే. ఏఐ లెన్స్‌కి ఎపర్చర్ అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి, ఒకటి పెద్దది, మౌంట్ దగ్గర ఇంకొకటి బాగా చిన్నది. ఒకే వరుస ఉండి, పైన చెవుల్లాంటి లోహపు ముక్కకి రంధ్రాలు లేకపోతే అది పాతది. అలాంటిదాన్ని తెలిసినవాళ్లకి చూపించకుండా బిగించకండి.

ఏఐ లెన్స్‌కైతే డి7000, డి7100, డి7200 మంచివి. మెనూలో లెన్స్ అంకెలు రెండు నమోదు చేస్తే వెలుగు కొలుస్తాయి. "ఏఎఫ్-డి" అని రాసున్న లెన్స్‌లని నడిపే మోటారు కూడా వీటి లోపలే ఉంది. డి3000, డి5000 వరుసల్లో ఆ మోటారు లేదు, ఏఐ లెన్స్‌తో వెలుగు కొలవవు. డి7500 కొత్తది కదా అని దాని మీదకి పోకండి, పైన చెప్పిన మీటని అందులో తీసేశారు. ఇంకొకటి: ఏఎఫ్-డి లెన్స్ బిగించాక తెర మీద "ఎఫ్ఈఈ" అని మెరిస్తే కంగారు పడొద్దు. ఎపర్చర్ రింగుని అన్నిటికన్నా పెద్ద అంకె మీదకి తిప్పి లాక్ చేస్తే పోతుంది.

ఇంతవరకు ఒకే కంపెనీ లెన్స్, ఒకే కంపెనీ బాడీ. వేరే కంపెనీ బాడీకి తగిలించాలంటే అడాప్టర్ అనే రింగు కావాలి. అయితే ఏ లెన్సుకైనా ఏ బాడీ అయినా కుదరదు. ఎందుకో పిల్లలు ఇంట్లోనే చేసి చూడొచ్చు.

ఒక భూతద్దం తీసుకోండి. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపండి. ఒక దూరంలో బయటి చెట్టు గోడ మీద తలకిందులుగా, స్పష్టంగా పడుతుంది. అక్కడి నుంచి భూతద్దాన్ని గోడకి ఇంకాస్త దూరం జరిపితే చెట్టు మసకబారుతుంది, కిటికీ ఊచలు స్పష్టమవుతాయి. అంటే లెన్స్ తెరకి దూరమయ్యే కొద్దీ దగ్గరి వస్తువులే కనిపిస్తాయి, దూరపువి పోతాయి. కెమెరాలో గోడ స్థానంలో సెన్సర్ ఉంటుంది. మౌంట్ నుంచి సెన్సర్ దాకా దూరాన్ని ప్రతి కంపెనీ మిల్లీమీటర్లలో ఖాయం చేసింది. నికాన్ ఎఫ్‌కి 46.5, ఒలింపస్ ఓఎంకి 46, ఎం42కి, పెంటాక్స్ కెకి 45.46, కెనాన్ ఈఎఫ్‌కి 44, మినోల్టాకి 43.5, కెనాన్ ఎఫ్‌డికి 42.

ఇప్పుడు లెక్క వేయండి. ఎం42 లెన్స్‌ని కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కి పెట్టాలంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉంది, సన్నటి రింగు పడుతుంది. అదే లెన్స్ నికాన్‌కి పెట్టాలంటే ఖాళీ లేకపోగా ఒక మిల్లీమీటరు ఎక్కువైపోయింది. రింగు పెట్టారంటే లెన్స్ ఇంకా దూరం జరుగుతుంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం వస్తుంది గానీ దూరంగా ఉన్న కొండ ఎప్పటికీ స్పష్టంగా రాదు. మధ్యలో అద్దం ముక్క పెట్టిన అడాప్టర్లు అమ్ముతారు, చవక రకాలతో బొమ్మ నాణ్యత తగ్గుతుంది. ఎఫ్‌డి, మినోల్టా లెన్స్‌లకి కెనాన్ డీఎస్ఎల్ఆర్‌తోనూ ఇదే గతి.

ఈ బాధ మిర్రర్‌లెస్ కెమెరాలతో తీరింది. లోపల అద్దం లేదు కాబట్టి ఆ దూరం బాగా తగ్గిపోయింది: సోనీ ఈకి 18, ఫ్యూజీ ఎక్స్‌కి 17.7, కెనాన్ ఆర్‌ఎఫ్‌కి 20, నికాన్ జెడ్‌కి 16. కెనాన్ ఈఎఫ్ తప్ప పైన చెప్పిన ఏ లెన్సుకైనా ఖాళీ గొట్టం లాంటి అడాప్టర్ సరిపోతుంది. అందులో అద్దమూ ఉండదు, కరెంటూ ఉండదు.

పాత లెన్స్‌ని చేత్తో ఫోకస్ చేయడానికి కూడా ఇవే హాయి. ఏది స్పష్టంగా ఉందో దాని అంచులు రంగులో మెరిసేటట్టు పెట్టుకోవచ్చు, ఒక్క కన్నునే పెద్దదిగా చేసి చూసుకోవచ్చు. డీఎస్ఎల్ఆర్ కంటిగూటిలో నికాన్ అయితే పచ్చ చుక్క వెలిగి సాయం చేస్తుంది గానీ, నా కళ్లకి ఇప్పుడది చాలడం లేదు. మిర్రర్‌లెస్‌లో మొదటి రోజే అందరూ కంగారుపడే విషయం ఒకటుంది: బటన్ నొక్కితే పనిచేయదు. మెనూలో "లెన్స్ లేకున్నా షటర్ పనిచేయాలి" అనే అర్థం వచ్చే అమరికని ఆన్ చేయాలి. పాత లెన్స్‌ని బాడీ లెన్స్‌గా గుర్తించదు మరి.

సెన్సర్ సైజు గురించి క్లుప్తంగా. ఫిల్ము 36 గుణించు 24 మిల్లీమీటర్లు. అదే సైజు సెన్సర్ ఉంటే ఫుల్‌ఫ్రేమ్ అంటారు. సోనీ ఎ7 వరుస 2013లో మొదలైంది, వాడినవి దొరుకుతుంటాయి. ఎ6000, డి7000 లాంటి చిన్న సెన్సర్ల మీద 50 ఎంఎం లెన్స్ 75 లాగా చూపిస్తుంది. ముఖాల ఫొటోలకి ఇది బాగుంటుంది. మన పాత వీధుల ఇళ్లల్లో పెళ్లిచూపుల గ్రూప్ ఫొటో తీయాలంటే మాత్రం వెనక గోడ తగులుతుంది.

ఇంతకీ నా సలహా. నికాన్ ఏఐ లేదా ఏఎఫ్-డి లెన్స్ అయితే వాడిన డి7000 వరుస. కెనాన్ ఈఎఫ్ అయితే ఏదో ఒక ఈఓఎస్. మిగతా ఏదైనా, లేదా నాలుగు రకాలు కలిసి ఉన్నా వాడిన సోనీ మిర్రర్‌లెస్. కుటుంబ ఫంక్షన్లో పరిగెత్తే పిల్లల ఫొటోలే మీ అవసరమైతే పాత లెన్స్ పక్కన పెట్టి, ఆటోఫోకస్ ఉన్న కొత్త లెన్స్‌తోనే కొనండి, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

డబ్బు కట్టేముందు లెన్స్ లోపలికి ఫోన్ టార్చ్ వేసి చూడండి. గోపాల్‌పూర్ సముద్రం గాలి మనకి ఎంత ఇష్టమో బూజుకీ అంతే ఇష్టం. సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనిపిస్తే బాగుచేసేవాళ్లకి చూపించేదాకా దాన్ని వేరే లెన్స్‌ల పక్కన పెట్టకండి. తోలు సంచిలో అసలు దాచకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు చాలు.

బాడీ కొనేటప్పుడు ఎన్ని ఫొటోలు తీశారో, అంటే షటర్ కౌంట్ ఎంతో అడగండి. డి7000 షటర్‌ని లక్షన్నర సార్లకి పరీక్షించామని నికాన్ చెప్పింది. తర్వాత ఎపర్చర్ 16 దగ్గర పెట్టి తెల్ల గోడని ఫొటో తీసి చూడండి. నల్ల మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ముంది, శుభ్రం చేయించొచ్చు. గీతలుంటే వదిలేయండి. బ్యాటరీ ఉబ్బిందా, చార్జర్ ఇస్తున్నారా, బిల్లుందా అని అడగడానికి సిగ్గుపడకండి. మీ లెన్స్‌ని కూడా వెంట తీసుకెళ్లి, అక్కడే బిగించి పది ఫొటోలు తీసి చూశాకే డబ్బివ్వండి.

అనుమానం ఉంటే కొనకముందే లెన్స్ ముందు రింగునీ, వెనక మౌంట్‌నీ ఫోన్‌తో ఒక్కో ఫొటో తీసి, కాగితం మీద ప్రింట్ చేయించి పిల్లల చేత పంపండి. లెన్స్‌ని మాత్రం బడి సంచిలో పెట్టి పంపొద్దు.