మైకు వైర్లు: చూడాల్సింది వయసు కాదు, కొసలు

సింగరాయపాలెంలోనూ మోపిదేవిలోనూ సుబ్రహ్మణ్య షష్ఠి దగ్గర పడిందంటే ముదినేపల్లి నుంచి దివిసీమ దాకా మైకు సెట్లన్నీ బయటికొస్తాయి. పాత వైర్లు పారేసి కొత్త చుట్టలు కొనాలన్న ఆలోచనా అప్పుడే మొదలవుతుంది. ఆ ఖర్చులో చాలా భాగం అనవసరం. వైరు ఆయుష్షును తేల్చేది కొన్న తేదీ కాదు; దాని కొసలు, దాని తొడుగు.

అపోహ: కొన్నేళ్లు వాడితే వైరులో రాగి బలం తగ్గి సౌండు మందగిస్తుంది.

వాస్తవం: కరెంటు పారినంత మాత్రాన రాగి అరిగిపోదు. స్కాట్లాండ్‌కూ న్యూఫౌండ్‌లాండ్‌కూ మధ్య అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిఫోన్ కేబుల్ 1956 నుంచి 1978 దాకా, 22 ఏళ్లు మనుషుల మాటలను మోసింది. అంత పకడ్బందీ తొడుగు మన వైర్లకు ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, ఆ తొడుగే అసలు సంగతి: తేమ లోపలికి పోనంత కాలం రాగికి ముప్పు లేదు. సౌండును తగ్గించేవి వైరు పొడవు, సన్నదనం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును 30 మీటర్లు లాగితే రానూపోనూ నిరోధం సుమారు 0.7 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరుకు దానివల్ల తగ్గేది ఒక డెసిబెల్ లోపే, చెవికి ఆనడం కష్టం. అదే దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు వేస్తే నష్టం రెండు డెసిబెల్స్ దాటుతుంది, నిన్న కొన్న వైరైనా సరే.

అపోహ: కొత్త వైరు వేయగానే గరగర పోయింది కాబట్టి పాతది చెడిపోయినట్టే.

వాస్తవం: గరగర పోయిన మాట నిజమే కావచ్చు, కానీ కారణం వేరే ఉండవచ్చు. వైరు మార్చేటప్పుడు పిన్ను తీసి మళ్లీ గుచ్చుతాం. ఆ రాపిడికి పిన్ను మీదా సాకెట్టులోనూ పేరుకున్న చిలుము కాస్త రాలుతుంది. పాత వైరునే తీసి గుచ్చినా చాలాసార్లు అదే ఫలితం వస్తుంది. వైరు నిజంగా తెగేది ఎక్కువగా పిన్ను మెడ దగ్గర, పదే పదే వంగే చోట. పాట వస్తుండగా అక్కడ మెల్లగా కదిపితే సౌండు తెగుతూ వస్తుందా, ఆ నాలుగంగుళాలు కోసి పిన్ను మళ్లీ సోల్డరింగ్ చేయిస్తే సరిపోతుంది.

అపోహ: బందరు లాంటి సముద్రపు గాలి ఉన్న చోట వైర్లన్నీ తరచూ మార్చాల్సిందే.

వాస్తవం: ఉప్పుగాలి దెబ్బ కొట్టేది లోహం బయటపడిన చోటనే: పిన్నులు, స్క్రూల కింద బిగించిన కొసలు, టేపు చుట్టిన అతుకులు. తొడుగు లోపల రాగి కాస్త నల్లబడినా, పచ్చబడినా పోగు గట్టిగా ఉంటే సౌండుకు లోటు లేదు. పోగులు పొడిగా రాలుతుంటే మంచి రాగి కనిపించే దాకా కోసేయాలి. అంత దూరమూ అలాగే ఉంటే అప్పుడు పారేయాలి. రాగిపూత పూసిన అల్యూమినియం వైర్లకు మాత్రం ఇక్కడ జాగ్రత్త అవసరం. చవకగా దొరికినా వాటి నిరోధం అదే మందం రాగి వైరుకు దాదాపు ఒకటిన్నర రెట్లు. తేమ తగిలితే కోసిన కొస దగ్గర అల్యూమినియం త్వరగా చివికిపోతుంది.

అపోహ: బంగారు పూత పిన్నులు, ఆక్సిజన్ లేని రాగి వైర్లు సౌండునే మార్చేస్తాయి.

వాస్తవం: మామూలు రాగి వైరుకూ ఆక్సిజన్ లేని రాగికీ వాహకతలో తేడా ఒక శాతం అటూ ఇటూ. దాన్ని చెవి పట్టలేదు. బంగారానికి చిలుము పట్టదు కనుక తీరప్రాంతంలో ఆ పూతకు ప్రయోజనం ఉంది. అది మన్నికకే, మాధుర్యానికి కాదు. ఆ పూతను గరుకు కాగితంతో రుద్దితే ఉన్న రక్షణా పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే చాలు.

అపోహ: అలాగైతే పూర్తిగా తెగే దాకా ఏ వైరునైనా వాడుకోవచ్చు.

వాస్తవం: ఈ మాట కరెంటు వైరుకు వర్తించదు. ఎండకు బిరుసెక్కి తొడుగు పగిలినా, ఎలుకలు కొరికినా ఆ వైరును ఆ రోజే పక్కన పెట్టాలి. తడి నేల మీద పరిచే వైరుతో ప్రాణాల మీదికి వస్తుంది. పెద్ద యాంప్లిఫయర్ నుంచి హారన్లకు వెళ్లే 100 వోల్టుల లైనుకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఇక్కడ పొదుపు చూడకూడదు.

కొత్తవి కొనే ముందు పాత వైర్లను మీటరుతో పరీక్షించండి, కొసలు కోసి చూడండి, పిన్నులు తుడవండి. పని అయ్యాక వైరును తడి ఆరనిచ్చి, మోచేతికి బిగించి మెలిపెట్టకుండా వదులు చుట్టలుగా దాచండి. ఇంత చేసినా గరగర పోకపోతే, తొడుగు పగిలితే మాత్రం మార్చండి. మిగిలిన డబ్బు మంచి మైక్రోఫోనుకు పెడితే వినేవారికి ఆ తేడా తప్పక తెలుస్తుంది.