సర్పంచ్ కుర్చీలో ఎవరున్నారు?

సర్పంచ్‌గా మహిళ గెలిచిన ఊళ్లో కూడా 'సర్పంచ్ గారు' అంటే ఆమె భర్తే అనుకునేవారు చాలామంది. ఈ అలవాటు చూసి రిజర్వేషన్ దండగ అనేవారున్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. కారణం చెబుతాను.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం పంచాయతీ వార్డుల్లో, సర్పంచ్ పదవుల్లో కనీసం మూడో వంతు మహిళలకు దక్కాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దాన్ని సగానికి పెంచాయి. 2023లో వచ్చిన 106వ సవరణ లోక్‌సభకూ శాసనసభలకూ మూడో వంతు నిర్దేశించింది. అమలును మాత్రం జనగణనతో, డీలిమిటేషన్‌తో (నియోజకవర్గాల పునర్విభజన) ముడిపెట్టింది. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో మహిళలు 74 మందే. అందుకే పంచాయతీల అనుభవం ఇప్పుడు తెలుసుకోదగ్గది.

పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల్లో రాఘవేంద్ర ఛటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో పరిశోధన చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఏ పంచాయతీ మహిళకు రిజర్వు అవుతుందన్నది ఎవరి ఇష్టాన్నిబట్టీ జరగలేదు. కాబట్టి రెండు రకాల పంచాయతీలనూ న్యాయంగా పోల్చవచ్చు. రెండు జిల్లాల్లోనూ ఆడవాళ్లు ఎక్కువగా అడిగింది తాగునీరు. మహిళ అధ్యక్షురాలిగా ఉన్నచోట దానికే ఎక్కువ ఖర్చు పెట్టారు. బిందె మోసేవాళ్లకు నీటి దూరం తెలుసు కదా! బీర్‌భూమ్‌లో ఇంకొకటి కనిపించింది. అధ్యక్షురాలు మహిళైతే, మామూలు ఆడవాళ్లు తమ అవసరాలు పంచాయతీకి చెప్పుకోవడం పెరిగింది.

చిక్కు రొటేషన్‌లో (రిజర్వు స్థానాలు వంతులవారీగా ఊళ్లు మారడం) ఉంది. పని నేర్చుకునేసరికి పదవీకాలం ముగుస్తుంది, స్థానం జనరల్‌కు మారిపోతుంది. బెంగాల్‌లోనే జరిగిన మరో అధ్యయనం 2009లో వెలువడింది. వరసగా రెండుసార్లు రిజర్వు అయిన చోట్ల, ఆ తర్వాత రిజర్వేషన్ లేని స్థానాల్లోనూ మహిళలు ఎక్కువగా పోటీచేసి గెలిచారని అది చూపింది. జనం ఆడవాళ్ల పాలనకు అలవాటు పడటానికి ఒక్క దఫా చాలదన్నమాట.

ఇక భర్తల సంగతి. తీర్మానం మీద, చెక్కు మీద సంతకం సర్పంచ్‌ది. భార్య గెలిచినంత మాత్రాన భర్తకు చట్టం ఏ అధికారమూ ఇవ్వలేదు. ఆ అధికారాన్ని ఆయనకు ఇస్తున్నది ఆయన ముందు ఫైలు పెట్టే అధికారి, ఆయన దగ్గరికే అర్జీ తీసుకెళ్లే మనం.

ఈసారి గ్రామసభకు వెళ్లండి. మీ ప్రశ్న ఆమెనే అడగండి. జవాబు ఆమే చెప్పేదాకా ఆగండి.