గోరువంక బంధువర్గం

అరక దున్నుతున్న రైతు వెనుకనే, అప్పుడే తెగిన చాలులో నడుస్తూ పురుగులు ఏరుకొనే గోరువంకను ఎరుగనివారు మన పల్లెలలో ఉండరు. గోధుమ రంగు ఒళ్ళు, పసుపుపచ్చని ముక్కు, కాళ్ళు. ఎగిరినప్పుడు రెక్కలపై తెల్లని మచ్చ కనిపిస్తుంది. ఇది శారికా కుటుంబంలోనిది. శాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని స్టర్నిడే అంటారు. ఇందులో సుమారు 120 జాతులు ఉన్నవి. ఐరోపాలోని స్టార్లింగు, మనిషి మాటను అచ్చంగా అనుకరించే కొండగోరువంక, తలపై నల్లని జుట్టు ఉండే పాపట గోరింక, ఆఫ్రికాలో నీలి వన్నెలతో లోహంవలె మెరిసే శారికలు, అన్నీ చుట్టాలే. ఆఫ్రికా శారికల మెరుపు కేవలం రంగు పదార్థం వలన వచ్చినది కాదు. ఈకలలో సన్నని రేణువులు పొరలుగా అమరి ఉండగా, వాటిపై పడిన వెలుగు సబ్బు బుడగపై వలె రంగులు తేలుతుంది.

ఈ పక్షులలో చాలావాటి బలమంతా ముక్కులో ఉన్నది. గింజలు నలిపే పిచ్చుకకు ముక్కును మూసే కండరాలు బలమైనవి. స్టార్లింగుకు తెరిచే కండరాలు కూడ అంత బలమైనవే. మూసిన ముక్కును గడ్డి మొదళ్ళలోనికి గ్రుచ్చి, అక్కడ దానిని బలంగా విప్పుతుంది. మట్టి ప్రక్కలకు ఒత్తుకొని సందు ఏర్పడుతుంది. అప్పుడు కళ్ళు ముందుకు తిరిగి ఆ సందులోనికి చూస్తవి! మట్టిలో దాగిన పురుగు ఇక తప్పించుకొనుట కష్టం.

ఈ నేర్పును చూచి మనిషికి ఆశ పుట్టినది. మారిషస్ దీవిలో ఎర్ర మిడతలు పంటలు తినివేస్తుండగా, 1762లో మన దేశంనుండి గోరువంకలను అక్కడికి తీసికొనిపోయినారు. ఒక జీవిని అణచుటకు వేరొక జీవిని సముద్రం దాటించిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. తరువాత 1862లో మెల్‌బోర్న్‌లోను, 1865లో హవాయిలోను గోరువంకను విడిచిపెట్టినారు. అమెరికాకు స్టార్లింగు చేరిన కథ వేరు. పురుగుల కోసం కాదు, ఐరోపా పక్షులను అక్కడ చూడవలెనన్న వేడుకకు. 1890, 1891 సంవత్సరాలలో న్యూయార్క్ నగరపు తోటలో సుమారు నూరు పక్షులను వదలగా, వాటి సంతతి కోట్లకు పెరిగినది.

వచ్చిన పక్షులు పురుగులతో సరిపెట్టుకొనలేదు. ద్రాక్ష, అత్తి తోటలపై పడినవి. చెట్టు తొర్రలలో కాపురముండే స్థానిక పక్షులను తరిమి, తొర్రలను ఆక్రమించినవి. 2000లో ప్రకటింపబడిన నూరు అతి హానికర వలస జీవుల జాబితాలో పక్షులు మూడే. వాటిలో రెండు ఈ కుటుంబంలోనివి, మన గోరువంక, ఐరోపా స్టార్లింగు. తప్పు పక్షిది అనుట న్యాయం కాదు. దానిని అదుపులో ఉంచే పరిసరాలు స్వదేశంలోనే ఉండిపోయినవి.

గులాబి శారికను చూస్తే ఈ సంగతి ఇంకను తేటపడుతుంది. మధ్య ఆసియాలో పిల్లలను పెంచే కాలంలో ఇది మిడతలను విపరీతంగా తింటుంది. చైనాలోని సింజియాంగ్‌లో దీనికోసం రాళ్ళతో గూళ్ళు కట్టించినారు. అదే పక్షి చలికాలానికి మన దేశం వచ్చి గుంపులుగా జొన్నచేలపై వాలుతుంది. అక్కడ నేస్తం, ఇక్కడ దొంగ! అయితే మోదుగ, బూరుగ పూలలో తేనె త్రాగుతూ పుప్పొడిని మోసేదీ ఇదే. వడిసెల పట్టిన రైతుకు ఈ మాట రుచించకపోవచ్చును.

ఒక జాతి లోకమంతా ఆక్రమించగా, మరొకటి అంతరించుటకు సిద్ధమైనది. ఇండొనీషియాలోని బాలి దీవిలో తెల్లని ఒళ్ళు, కంటి చుట్టు నీలి చర్మం ఉండే గోరువంక ఒకటి ఉన్నది. పంజరాల వ్యాపారులు పట్టి అమ్ముటవలన 2001 నాటికి అడవిలో పదికి లోపుగా మిగిలినవి. 2006 నుండి ప్రక్కనున్న నుసా పెనిడా దీవిలో, పంజరాలలో పెంచిన పక్షులను విడిచిపెట్టినారు. వాటిని పట్టరాదని అక్కడి గ్రామస్థులు కట్టుబాటు చేసికొన్నారు. ఆ పక్షులు అక్కడి చెట్లలో గూళ్ళు పెట్టి పిల్లలను లేపినవి.