ఖాళీగా తిరిగొచ్చే బండి ఖర్చు ఎవరి నెత్తిన?

తెల్లవారుజామున ఉప్పల్, హబ్సిగూడ మీదుగా తార్నాక చౌరస్తా దాటి సికింద్రాబాద్ వైపు సాగే కూరగాయల బండ్లు మన పల్లెలవే. ఆ బండి కిరాయి ఎవరు కడుతున్నారు? మార్కెట్లో రైతుకిచ్చే తక్‌పట్టీ చూస్తే తెలుస్తుంది. కిరాయి, హమాలీ, కమీషన్ కోతలన్నీ పోను మిగిలిందే రైతు చేతికొస్తుంది. అక్కడ పడ్డ కోత అక్కడితో ఆగదు. కూలి పెంచమని అడిగినప్పుడు "ఎక్కణ్ణుంచి తేవాలె?" అన్న మాటగా మన మీదికే వస్తుంది. కాబట్టి లారీ కిరాయి రైతు సమస్యే కాదు, వ్యవసాయ కూలీ సమస్య కూడా.

మన దేశంలో సరుకు రవాణాలో సుమారు 70 శాతం రోడ్డు మీదే నడుస్తోంది. ఖర్చు తగ్గాలని అందరూ అంటారు. ఎవరి వాటాలో తగ్గించాలన్నదే అసలు పేచీ. యజమానులకు తెలిసిన దారి ఒకటే: మోయలేనంత బరువు ఎక్కించడం, డ్రైవర్‌ను నిద్రపోనీయకపోవడం, హమాలీ రేటు కొయ్యడం. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. రాత్రింబవళ్లు నడిపే లారీ డ్రైవర్‌కు ఆ చట్టం కాగితం మీదే ఉండిపోయింది. తార్నాకలో ఆర్టీసీ కార్మికుల కోసం ఆసుపత్రి ఉంది. అదే రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్ జబ్బుపడితే చాలాసార్లు అప్పే దిక్కు.

నిజమైన దుబారా వేరే చోట ఉంది. సగం నిండి పోయే బండి, ఖాళీగా తిరిగొచ్చే బండి. మాటవరసకు లెక్క వేద్దాం. రానూపోనూ కిరాయి 4,000 రూపాయలు. 20 బస్తాలే వేస్తే బస్తాకు 200 పడుతుంది. నలుగురు రైతులు కలిసి 40 బస్తాలు నింపితే 100. తిరుగు ప్రయాణంలో దాణా, ఎరువు, కిరాణా వేసి 1,600 రాబడితే 60కి దిగుతుంది. డీజిలు ఆదా, పొగ తక్కువ. ఎవరి కూలీ కొయ్యనక్కర్లేదు.

ప్రభుత్వం తలచుకుంటే చేయగలదనడానికి రుజువులున్నాయి. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు చిన్న రైతులు కూరగాయల గంపలు ఆర్టీసీ బస్సుల్లోనే తెచ్చుకున్నారు. 2020లో తెలంగాణ ఆర్టీసీ కార్గో సర్వీసు మొదలుపెట్టింది. అదే ఏడు సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు కదిలింది. పండ్లు, కూరగాయల కిరాయిలో సగం సబ్సిడీ కూడా ఇచ్చారు. దూరాభారపు సరుకుకు రైలే చవక. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం తక్కువ ఇంధనంతో ఎక్కువ బరువు లాగుతుంది.

ఇక దారిలో నలిగి, మార్కెట్లో కుళ్లిపోయే సరుకు మాట. తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసిటి, దీనికి ఒక పద్ధతి తయారుచేసింది. దాంతో బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, దాంతోపాటు వంటగ్యాసు తీసే ప్లాంటు పెట్టారు. ఇలాంటి గ్యాసునే శుద్ధిచేసి ఒత్తిడితో నింపితే బండ్లూ నడుస్తాయి. మన చెమటతో పండిన పంట కుళ్లినా ఇంధనమవుతుందన్న మాట. ఆ లాభంలో మార్కెట్ హమాలీకి, రైతుకు వాటా ఏది?

ఉస్మానియా క్యాంపస్‌లో చదివేవాళ్లలో మన పల్లె పిల్లలు ఎందరో ఉన్నారు. ఏ ఊరి నుంచి ఏ రోజు ఎంత సరుకు పోతుంది, ఏ బండి ఖాళీగా వస్తుంది అన్న లెక్క వాళ్లు తీయగలరు. ఆ లెక్క ఊరి చావడికి రావాలి.

మనం అడగాల్సినవి ఇవి: మండలానికో ఉమ్మడి లోడింగ్ కేంద్రం, చిన్న రైతుకు అందే రేటుకు ఆర్టీసీ కార్గో, పండ్లు, కూరగాయలకు రైలు కిరాయిలో కొనసాగే రాయితీ, డ్రైవర్‌కు 8 గంటల పని, హమాలీకి బీమా. రైతు, కూలీ, హమాలీ, డ్రైవర్ విడివిడిగా పోతే నలుగురూ నష్టపోతారు. ఊళ్లో సంఘం కూర్చున్న రోజున తక్‌పట్టీలు ముందేసుకొని మొదలుపెట్టండి.