టైఫాయిడ్ సంయుగ్మ టీకా: చక్కెర కవచాన్ని గుర్తుంచుకోవడం శరీరానికి నేర్పిన తీరు

కీలకపదాలు: టీకా, టైఫాయిడ్, ప్రతిజనకం, ప్రతిరక్షకాలు, బి-కణాలు, టి-కణాలు, రోగనిరోధక స్మృతి.

ఉపోద్ఘాతం:

టీకా వ్యాధికారక క్రిమిని శరీరానికి ముందుగా పరిచయం చేస్తుందనీ, ఆ క్రిమి నిజంగా ప్రవేశించినప్పుడు రోగనిరోధక వ్యవస్థ దానిని గుర్తుపట్టి ఎదుర్కొంటుందనీ సాధారణంగా చెబుతారు. ఈ వివరణ తప్పు కాదు కాని అసంపూర్ణం. క్రిమిలోని ఒక భాగాన్ని చూపినంత మాత్రాన శరీరం దానిని జ్ఞాపకం ఉంచుకోదు. టైఫాయిడ్ టీకా చరిత్ర ఇందుకు నిదర్శనం. వ్యాధి బెడద ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో టైఫాయిడ్ పసిపిల్లలకూ సోకుతుంది. అయినా గత శతాబ్ది చివరి దశకంలో వాడుకలోకి వచ్చిన శుద్ధ చక్కెర టీకా రెండేళ్లలోపు పిల్లలకు అక్కరకు రాలేదు. లోపం టీకా శుద్ధిలో లేదు, శరీరం నేర్చుకునే పద్ధతిలో ఉంది.

చక్కెర కవచం – స్మృతి లేని స్పందన:

టైఫాయిడ్‌కు కారణమైన సాల్మొనెల్లా టైఫి అనే బాక్టీరియాను ‘వీఐ’ అనే కవచం కప్పి ఉంటుంది. ఫెలిక్స్, పిట్ అనే శాస్త్రవేత్తలు 1934లో దీనిని వర్ణించారు. రసాయనికంగా ఇది ఒకే రకమైన చక్కెర అణువులు గొలుసుకట్టుగా పేరుకున్న బహుశర్కర. రక్తంలోని బి-కణాలు ఒక్కొక్కటి ఒక్కో ఆకృతిని మాత్రమే పట్టుకోగల గ్రాహకాలను ధరించి ఉంటాయి. వీఐ గొలుసులో ఒకే ఆకృతి పదేపదే వస్తుంది కనుక, తగిన బి-కణం మీది అనేక గ్రాహకాలకు అది ఒకేసారి తగులుకుంటుంది. ఆ తాకిడికే బి-కణం ఉత్తేజితమై ప్రతిరక్షకాలను విడుదల చేస్తుంది.

అయితే ఈ స్పందనలో స్మృతి కణాలు దాదాపు ఏర్పడవు. రక్షణ రెండు మూడేళ్లలో సన్నగిల్లుతుంది, మళ్లీ టీకా వేసినా స్పందన మొదటిదానికంటే బలపడదు. ఇలా స్పందించగల బి-కణాలు, ముఖ్యంగా ప్లీహంలోనివి, రెండేళ్లలోపు పిల్లల్లో ఇంకా పరిపక్వం కావు. పసివారిలో టీకా విఫలం కావడానికి ప్రధాన కారణమిదే.

టి-కణాల సహాయం:

దీర్ఘకాలిక స్మృతికి సహాయక టి-కణాల తోడ్పాటు కావాలి. టి-కణం పదార్థాన్ని నేరుగా చూడలేదు. మరొక కణం దానిని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను తన పైపొర మీద ప్రదర్శించాలి. అలా ప్రదర్శించడానికి వీలైనవి సాధారణంగా ప్రోటీన్ ముక్కలే. వీఐ వంటి చక్కెర గొలుసుకు ఆ అవకాశం లేదు. కాబట్టి బి-కణం పట్టుకున్న చక్కెర విషయం టి-కణానికి ఎన్నటికీ తెలియదు.

ఈ చిక్కుముడిని విప్పే దారి చాలా ముందే కనిపించింది. 1929లో ఏవరీ, గోబెల్ చక్కెరను ప్రోటీన్‌తో రసాయనిక బంధంతో కలిపి కుందేళ్లలో ప్రతిరక్షకాలను పుట్టించగలిగారు. అమెరికాలో రాబిన్స్, ష్నీర్సన్ తదితరులు తరువాతి కాలంలో ఈ సూత్రాన్ని పిల్లల టీకాలకు అన్వయించారు. దీనినే సంయుగ్మ టీకా అంటారు.

హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రూపొందించిన టైప్‌బార్ టీసీవీలో వీఐ చక్కెరను ధనుర్వాత టీకాలో వాడే నిర్విషీకృత ప్రోటీన్‌కు అతికించారు. వీఐని పట్టుకున్న బి-కణం దానితో పాటు అతుక్కుని ఉన్న ప్రోటీన్‌నూ లోపలికి తీసుకుంటుంది, దాని ముక్కలను ప్రదర్శిస్తుంది. ధనుర్వాత ప్రోటీన్‌ను గుర్తించే టి-కణం అక్కడికి చేరి ఆ బి-కణానికి సహాయపు సంకేతాలు అందిస్తుంది. ఇక్కడొక విచిత్రం ఉంది. ఆ టి-కణానికి టైఫాయిడ్ గురించి ఏమీ తెలియదు. అది స్పందిస్తున్నది ధనుర్వాతానికి, మేలు పొందుతున్నది టైఫాయిడ్‌ను గుర్తించే కణం. భారతదేశంలో ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో ఇచ్చే పెంటావాలెంట్ టీకాలోనూ ధనుర్వాత అంశం ఉంటుంది కనుక, ఇటువంటి టి-కణాలు చాలామంది పసివారిలో ముందే సిద్ధంగా ఉంటాయి.

చక్కెరనూ ప్రోటీన్‌నూ విడివిడిగా కలిపి ఎక్కిస్తే ఈ ఫలితం రాదు. బి-కణం తన గ్రాహకానికి చిక్కినదానినీ, దానికి అతుక్కున్నదానినీ మాత్రమే సమర్థంగా లోపలికి తీసుకుంటుంది. రసాయనిక బంధమే ఈ టీకాకు ప్రాణం.

సహాయం అందిన బి-కణాలు శోషరస గ్రంథులలో విభజన చెందుతూ, గ్రాహకాలలో స్వల్ప మార్పులు పొందుతాయి. వీఐని మరింత గట్టిగా పట్టుకోగలిగినవే మిగులుతాయి. వాటిలో కొన్ని ఎముక మజ్జకు చేరి ప్రతిరక్షకాలను ఉత్పత్తి చేస్తూ ఉంటాయి, మరికొన్ని స్మృతి కణాలుగా నిలుస్తాయి.

ఆచరణలో ఫలితం:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ఈ టీకాకు ముందస్తు అర్హత ఇచ్చింది, ఆరు నెలలు నిండిన పిల్లలకూ ఇవ్వవచ్చని సిఫారసు చేసింది. నేపాల్‌లో సుమారు 20,000 మంది పిల్లలపై జరిగిన ప్రయోగంలో ఒక్క మోతాదు దాదాపు 82 శాతం రక్షణ ఇచ్చినట్లు 2019లో వెల్లడైంది. పాకిస్తాన్‌లో సింధ్ రాష్ట్రపు హైదరాబాద్ నగరంలో 2016 నుండి అనేక మందులకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. దక్కను హైదరాబాద్‌లో తయారైన టీకానే ఆ హైదరాబాద్ పిల్లలకు వేశారు. 2019 నవంబరులో పాకిస్తాన్ ఈ టీకాను తన సాధారణ టీకా కార్యక్రమంలో చేర్చింది. ఆ పని చేసిన తొలి దేశం అదే.

ఈ శిక్షణకు పరిమితులూ ఉన్నాయి. పారాటైఫి-ఎ అనే సోదర బాక్టీరియాకు వీఐ కవచం లేదు. కాబట్టి ఈ టీకా వల్ల ఏర్పడిన ప్రతిరక్షకాలకు దానిపై గుర్తించదగినదేమీ దొరకదు. స్మృతి కణాలు మేలుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, రక్తంలో అప్పటికే ఉన్న ప్రతిరక్షకాల మోతాదు కూడా ముఖ్యమే. మరీ చిన్న వయసులో టీకా పొందిన పిల్లల్లో రక్షణ కొన్నేళ్లకు తగ్గుతున్నట్లు బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశీలనలు తెలుపుతున్నాయి. బడిలో చేరే వయసులో వారికి మరొక మోతాదు ఇవ్వాలా అన్నది ఇప్పుడు చర్చలో ఉన్న ప్రశ్న.