మంచు పైకప్పు క్రింద మునక

ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతములలో తీన్యు అను ఊరి చెంత ఒక సరస్సు కలదు. అది సముద్రమట్టమునకు సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలమున దాని పైనీరు గడ్డకట్టి, మనుష్యులు నడువదగినంత గట్టి పలకగా మారును. ఆ పలకకు రంధ్రము కోసి, దాని క్రింది నీటిలో మునుగుట నేర్చుకొనుటకు అక్కడికి కొందరు వత్తురు.

లోతు తక్కువైన సముద్రములో మునిగినవానికి ఆపద కలిగినచో, నెమ్మదిగా పైకి తేలిన చాలును, గాలి దొరకును. ఇక్కడ అట్లు కాదు. నెత్తిమీద మంచుగడ్డ పైకప్పువలె పరచుకొని యుండును. దానికి ద్వారము ఒక్కటే. ఈ విద్యలోని జాగ్రత్తలన్నియు ఆ ద్వారమునకు క్షేమముగా తిరిగి చేరుటకొరకే. వాటి వెనుక నున్నవి మన ఉన్నత పాఠశాలలలో చెప్పు భౌతికశాస్త్ర సూత్రములే.

అడుగునీరు ఏల గడ్డకట్టదు?

చాల పదార్థములు చల్లబడిన కొలది కుంచించుకొనును; వాటి సాంద్రత పెరుగును. నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకు అట్లే చేయును. అంతకన్న చల్లబడినచో వ్యాకోచింప మొదలిడును. కనుక 4 డిగ్రీల నీరు బరువెక్కి అడుగు చేరును. అంతకన్న చల్లనిది పైన నిలిచి, 0 డిగ్రీల వద్ద గడ్డకట్టును. ఒక ఘనమీటరు నీరు సుమారు 1,000 కిలోగ్రాములు తూగగా, అంతే పరిమాణముగల మంచుగడ్డ 917 కిలోగ్రాములే తూగును. గ్లాసులోని మంచుముక్క తేలుటకు కారణమిదే. తేలిన పలక కంబళివలె క్రింది నీటి వేడిని కాపాడును. ఒడ్డున గాలి సున్నకు 15 డిగ్రీలు తక్కువగా నున్నను, పలక క్రింది నీరు 0కును 4కును నడుమనే యుండును.

అయినను ఆ నీటిని తేలికగా చూడరాదు. వేడిని ప్రసరింపజేయుటలో నీరు గాలికన్న సుమారు 25 రెట్లు మిన్న. అందుచే శిక్షణ పొందువారు నీరు చొరని దుస్తును, దాని లోపల దళసరి ఉన్నివంటి బట్టలను ధరింతురు. లోతునకు పోయినకొలది దుస్తులోని గాలి బాయిల్ సూత్రము ననుసరించి కుంచించుకొనును. అప్పుడు సిలిండరునుండి కొంత గాలిని దానిలోనికి వదలవలెను. పైకి వచ్చునప్పుడు ఆ గాలి వ్యాకోచించును. దానిని బయటికి పోనీయవలెను. ఇది మరచినవాడు బంతివలె పైకి లేచి మంచుగడ్డకు కొట్టుకొనును.

ఊపిరి నిచ్చు పరికరము

1943లో కుస్తో, గాన్యాన్ అను ఫ్రెంచివారిరువురు, పీల్చినప్పుడు మాత్రమే గాలి నిచ్చు పరికరమును రూపొందించిరి. నేటి స్కూబా రెగ్యులేటరుకు అదియే మూలము. సిలిండరులో గాలి సుమారు 200 వాతావరణముల పీడనమున నుండును. రెగ్యులేటరు దానిని చుట్టునున్న నీటి పీడనమునకు తగ్గించి యిచ్చును. ఇట్లు వ్యాకోచించిన గాలి మిక్కిలి చల్లబడును. సైకిలు ట్యూబు వాల్వు నొక్కినప్పుడు వెలువడు గాలి వ్రేలికి చల్లగా తగులుట విద్యార్థులు గమనింపవచ్చును.

మామూలు నీటిలో ఈ చల్లదనమువలన చిక్కులేదు. సరస్సునీరు ముందే సున్నకు చేరువలో నున్నది గనుక, వాల్వువద్ద మంచు పేరుకొని అది మూతపడకపోవచ్చును. అప్పుడు గాలి ఆగక వెలువడి, సిలిండరు కొద్ది నిమిషములలో ఖాళీ యగును. అందుకే ఒడ్డున చలిగాలిలో రెగ్యులేటరుతో ఊపిరి తీయరాదు; ఊపిరిలోని తేమయే దానిలో గడ్డకట్టగలదు. రెండు వేర్వేరు వాల్వులకు రెండు రెగ్యులేటర్లు అమర్చుకొందురు. ఒకటి గడ్డకట్టినచో దానిని మూసి, రెండవదానితో ఊపిరి తీయవలెను. ఈ పనిని ముందుగా ఈతకొలనులో మరల మరల అభ్యసింతురు. గాలిని మూడు పాళ్లుగా ఎంచుకొని, ఒక పాలు పోవుటకు, ఒక పాలు తిరిగి వచ్చుటకు, మూడవది ఆపదకు ఉంచుకొందురు.

ఎత్తువలన కలుగు చిక్కు

లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తములో కరగును. వేగముగా పైకి వచ్చినచో, మూత తీసిన సోడాబుడ్డిలోవలె అది బుడగలు కట్టి ప్రాణాపాయము కలిగింపవచ్చును. పీడనము ఎంత తగ్గినదనుటకన్న, ఎన్నవ వంతునకు తగ్గినదనుట ముఖ్యమని జాన్ స్కాట్ హాల్డేన్ గ్రహించి, 1908లో మునక పట్టికలను ప్రకటించెను.

సముద్రతీరమున 10 మీటర్ల లోతున పీడనము రెట్టింపగును. తీన్యు సరస్సుపై వాతావరణ పీడనము తీరమున నున్నదానిలో సుమారు 78 శాతమే. కనుక అక్కడ 8 మీటర్లకే రెట్టింపగును. ఆ సరస్సులో 20 మీటర్లు మునిగి పైకి వచ్చుట సముద్రములో 25 మీటర్లనుండి వచ్చుటతో సమానము. సముద్రపు లెక్కలను కొండమీద ఉన్నవున్నట్లుగా వాడినవాడు మోసపోవును.

త్రాడు, ద్వారము

ద్వారమును త్రికోణముగా కోయుదురు. మూలవద్ద రెండంచులపై చేతులాన్చి పైకి లేచుట సులభము. పలకపైనున్న మంచును బండిచక్రపు ఆకులవలె చారలుగా తొలగింతురు. క్రిందినుండి చూచినవానికి ఆ చారలు వెలుగు దారులై ద్వారమువైపు చూపును.

మునుగువాని నడుమునకు త్రాడు కట్టి, రెండవ కొనను పైనున్నవాడు పట్టుకొనును. ఎన్ని లాగులకు ఏమి అర్థమో ముందే నిర్ణయించుకొందురు. మరియొకడు అంతకన్న పొడవైన త్రాడుతో సిద్ధముగా నుండును.

త్రాడు ఊడిపోయినచో ఏమి చేయవలెను? ద్వారమును వెదకుచు ఈదరాదు. అట్లు చేసిన దూరము పెరుగును, గాలి తరుగును. పైకి తేలి, మంచుగడ్డను ఆనుకొని, నిలువుగా కదలక వేచియుండవలెను. సిద్ధముగా నున్నవాడు దిగి, మొదటివాడున్న చోటికన్న దూరముగా పోయి, ద్వారము చుట్టును వృత్తముగా ఈదును. అతని త్రాడు పలక క్రిందుగా గడియారపు ముల్లువలె తిరిగి, వేచియున్నవానికి తగులును. వృత్తములో వ్యాసార్ధము తిరిగి రానిచోటు లేదుగదా!

ఇందుచేతనే శిక్షకులు ఈదుటతోపాటు కదలక నిలుచుటను గూడ నేర్పుదురు. చీకటిలో, చలిలో కదలకుండుట కష్టము. త్రాడు తప్పక వచ్చునని తెలిసినవానికే అది సాధ్యమగును.